ఉరుము నాదమును, కంప్యూటరు తెరయును

అనంతపురమునుండి కదిరికి పోవు రహదారిమీద, ధర్మవరము–పాకాల రైలుమార్గమున, వానకై ఎదురుచూచు వేరుశనగ చేల నడుమ నున్న ముదిగుబ్బ సీమలో జాతర వచ్చినదన్న చెక్కభజనయు, ఉరుముల వాద్యమును లేక తీరదు. ఆ వేడుకను సెల్‌ఫోనులో పట్టుకొనని యువకుడు నేడు అరుదు. అట్లు పట్టుకొన్నదానిని మరునాడు విని, చెక్కల మ్రోత చెవులలో గుచ్చుకొనుచు, పాటగాని మాట అడుగున పడి, ఉరుము గర్జన బొత్తిగా వినిపింపకుండుటకు నిరుత్సాహపడనివాడును అరుదే.

జాతరలో నిలిచిన మనిషి చెవి తనకు వలసినదానిని ఏరుకొనును. మైకునకు ఆ వివేకము లేదు. దగ్గరిదానిని పెద్దగను, దూరపుదానిని చిన్నగను గ్రహించుటయే దానికి తెలిసిన ధర్మము. ఆ వివేకమును రికార్డింగు ముగిసిన పిదప కల్పించు శ్రమకే మిక్సింగ్ అని పేరు. గాయకుని కంఠమును, వంతపాటను, హార్మోనియమును, చెక్కలను, ఉరుమును వేర్వేరు ట్రాకులుగా గ్రహించి, ఒక్కొక్కదాని బిగ్గరతనమును, స్థానమును, ఛాయను నిర్ణయించి ఏకముచేయుట దాని పని. అట్లు ఏకమైన పాట ఏ యంత్రముమీద వినినను చెడకుండునట్లు తుదిమెరుగు దిద్దుట మాస్టరింగ్.

ఈ విద్య కంప్యూటరుతో పుట్టినది కాదు. ఘంటసాలవారి కాలమున గాయకుడును, వాద్యబృందమును ఒకే గదిలో, ఒకేమారు పాటను పూర్తిచేయుచుండిరి. ఎవరు మైకునకు దగ్గరగా కూర్చుండవలెనో, ఎవరు వెనుకకు జరుగవలెనో నిర్ణయించుటయే ఆనాటి మిక్సింగ్‌లో సగము. తరువాత పలు ట్రాకుల యంత్రములు వచ్చి, ఆ నిర్ణయమును పాట ముగిసిన పిదపకు వాయిదా వేయు సౌలభ్యమును కల్పించినవి. తనను చిత్రసీమకు పరిచయముచేసిన గురువు ఎస్.పి. కోదండపాణి పేరిట మద్రాసులో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము ధ్వనిశాలను నెలకొల్పుట తెలుగువారు మరువరాని విషయము. ఒక సంగీతజ్ఞుని స్మృతిని శిలావిగ్రహముగా గాక పాటలు పుట్టు గదిగా నిలుపుటకన్న ఉచితమైన గౌరవము నాకు తోచదు. కాని అట్టి శాలకు వ్యయమెక్కువ, మెట్టసీమ భజనబృందమునకు దూరమెక్కువ. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ ప్రారంభించి 2000లో లోకమునకు ఉచితముగా నొసగిన ఆడాసిటీ వంటి, ధ్వనిని గ్రహించి మలచు సాఫ్ట్‌వేరు, ఈ దూరమును చాలవరకు చెరిపివేసినది.

నేర్చువాడు మొదట పట్టవలసినది మైకును, గదిని. ఫ్యాను ఆపి, బండలమిద్దె గోడలకు బొంతలును, పరుపులును ఆనించిన, మారుమ్రోత తగ్గును. డిజిటల్ కొలమానమున సున్న డెసిబెల్ దాటిన ధ్వని తిరిగి బాగుపడని రీతిని విరిగిపోవును గనుక, అత్యంత బిగ్గరైన ఘట్టము కూడ సున్నకు పది, పండ్రెండు డెసిబెల్స్ దిగువనే నిలుచునట్లు చూచుకొనవలెను. పిదప ఏ హంగును తాకకుండ, కేవలము ట్రాకుల హెచ్చుతగ్గులతోనే పాటను నిలబెట్టుటకు యత్నింపవలెను. తొందరపడువారు దాటిపోవు మెట్టు ఇదియే.

చెక్కలకును మాటకును గల తగవు ఈ మెట్టున బయటపడును. చెక్కల మ్రోతలోని పదునును, కంఠమున స, శ, చ వంటి అక్షరముల స్పష్టతయు చాలవరకు 2,000 హెర్ట్జులకు పైబడిన ప్రాంతముననే యుండుటచే, బలమైనది బలహీనమైనదానిని కప్పివేయును. కొత్తవాడు కంఠమును పెంచును, వెంటనే చెక్కలు చాలలేదని వానిని పెంచును, తుదకు అంతయు రొద యగును. తెలిసినవాడు ఈక్వలైజర్‌తో చెక్కలలో ఆ భాగమును కొంచెము తగ్గించి ఊరకుండును. మాట దానంతట అదే పైకి వచ్చును. కంప్రెసర్ సైతము మితముగా వాడవలసినదే: నియమిత హద్దు దాటిన ధ్వని నాలుగు డెసిబెల్స్ పెరిగినచో ఒక్కటే పెరుగునట్లు అణచగల ఆ సాధనము, అతిగా వాడినపుడు భజనలోని ఉద్వేగపు ఎత్తుపల్లములను చదునుచేయును.

ఉరుము విషయమున మరింత జాగ్రత్త వలయును. ఒక ముఖమును కొట్టి, మరియొక ముఖమును వంపుకఱ్ఱతో రాచి నాదము పుట్టించు వాద్యమది. రాపిడి నాదము మెల్లగా లేచి, సాగి, జారును. పాశ్చాత్య డ్రమ్ములను దృష్టియందుంచుకొని సిద్ధముచేసిన అమరికలు ఆ సాగుడును అనవసరమని త్రుంచివేయగలవు. రొద తొలగించు సాధనము ఆ రాపిడినే రొదగా భావింపగలదు. ఉరుము ప్రాణమంతయు ఆ రాపిడిలోనే యున్నది. కావున ఈ వాద్యమునకు సిద్ధమైన అమరికలను నమ్మరాదనియు, జాతరలో దానిని దగ్గర నిలిచి విన్న చెవినే నమ్మవలెననియు నా దృఢాభిప్రాయము.

చెవి కూడ మోసపోవును. బిగ్గరగా నున్నదెల్ల బాగుగా నున్నట్లు తోచును. మెల్లగా వినునపుడు మంద్రధ్వనులు చెవికి మరింత తగ్గి వినిపించునని ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లోనే ప్రకటించిరి. అందుచే తన పాటను మంచి రికార్డుతో పోల్చునపుడు రెంటిని సమానమైన బిగ్గరతనమున వినవలెను. మాస్టరింగ్‌లో పాటను హద్దులేక బిగ్గరచేయుటవలనను ప్రయోజనము లేదు; యూట్యూబు వంటి వేదికలు అతిబిగ్గరైన పాటను తామే తగ్గించి వినిపించును, నలిగిన నాదము మాత్రము నలిగినట్లే మిగులును.

ముదిగుబ్బలో ఆ పాట వినబడునది ఖరీదైన హెడ్‌ఫోన్లలో కాదు, ఆటోలోను, సెల్‌ఫోనులోను, గుడి మైకుసెట్టులోను. గుడి మైకుసెట్టు బూరకు మంద్రము పలుకదు. కనుక ఉరుము గర్జనను మంద్రముననే నిలిపినవాడు అచ్చట ఉరుమును పోగొట్టుకొనును, రాపిడి వినిపించు మధ్యస్థాయిని కాపాడినవాడు నిలుపుకొనును. ఆపైన పాడినవారినే కూర్చుండబెట్టి వినిపింపవలెను. వంతపాట చాలలేదనియో, చెక్కల అడుగు తెలియుట లేదనియో వారు చెప్పిన మాటకు సాంకేతికుని అభిరుచి తలయొగ్గవలసినదే. మిక్స్ మరల చేయుటకు వీలుగా, ఏ మార్పును సోకని మూల ట్రాకులను ఊరి పేరుతోను, వాద్యకారుల పేళ్లతోను వేరుగా భద్రపరచవలెను.