కొలత మనది, అల్లిక మనది
ఒంటికి సరిపడే పొడవాటి లంగాను చేతులతోనే అల్లుకునే విధానం

బట్టల దుకాణంలో అమ్మే ప్రతి దుస్తుకూ ఒక అక్షరం అంటించి ఉంటుంది. చిన్నది, మధ్యస్థం, పెద్దది, మరీ పెద్దది. లోకంలోని స్త్రీలందరినీ ఆ నాలుగైదు అక్షరాల్లో ఇమిడ్చే ప్రయత్నమది. నడుము సరిపోతే తుంటి దగ్గర బిగుస్తుంది, తుంటి సరిపోతే నడుము జారిపోతుంది. రెండూ కుదిరినా పొడవు పిక్కల దగ్గరే ఆగిపోతుంది. ఒళ్లు కప్పుకునే దుస్తులు కోరే మన ఇళ్లల్లోని ఆడపిల్లలకు ఈ మూడో ఇబ్బంది అన్నింటికన్నా పెద్దది. పొడవు కోసం ఒక సైజు పెంచి కొంటారు, వదులైన నడుమును పిన్నీసుతో బిగిస్తారు. ఆపై ఒంట్లోనే ఏదో లోపముందని బాధపడతారు. లోపం ఒంటిలో లేదు, కొలతలో ఉంది.

పెన్నకు ఉత్తరపు ఒడ్డున ఉన్న కోవూరుకు నేతపని కొత్త కాదు. ఈ మండలంలోని పాటూరు చేనేత చీరలకు పేరున్న గ్రామం. కుట్టుమిషను ఉన్న ఇళ్లూ మనలో చాలానే. కానీ మగ్గానికి చోటు కావాలి, మిషనుకు ధర చెల్లించాలి, బట్టను కత్తిరించాక పొరపాటు దిద్దుకోవడం కష్టం. సూదులతో చేసే అల్లికకు ఈ ఇబ్బందులు లేవు. రెండు సూదులు, ఒక దారపు ఉండ చాలు. తప్పు జరిగితే విప్పి మళ్లీ అల్లుకోవచ్చు.

ముస్లిం సమాజాలు పెంచిన కళ

అల్లిక అనగానే చలిదేశాల ఉన్ని స్వెట్టర్లు గుర్తుకొస్తాయి. అయితే రెండు సూదులతో అల్లినవని రూఢిగా చెప్పదగిన అతి పాత వస్తువులు ఈజిప్టులో దొరికాయి. అవి 11 నుండి 14వ శతాబ్దాల మధ్య ముస్లిం పాలనా కాలానికి చెందినవి. వాటిలో నీలం, తెలుపు నూలుతో అల్లిన మేజోళ్లున్నాయి. అంటే ఈ కళ తొలి ఆనవాళ్లు వేడి నేలమీద, మనం నిత్యం వాడే నూలులోనే కనబడుతున్నాయి. స్పెయిన్‌లోని బుర్గోస్ నగరంలో, లాస్ ఉయెల్గాస్ మఠంలో 1275లో మరణించిన రాకుమారుడు ఫెర్నాండో సమాధి ఉంది. అందులో పట్టుదారంతో అల్లిన దిండు ఒకటి బయటపడింది. దాని అంచున కూఫీ లిపిలో ‘బరకత్’ అని అర్థమిచ్చే అరబీ పదం అల్లి ఉంది. ఒక క్రైస్తవ రాకుమారుని తల కింద ముస్లిం కళాకారుల చేతిపని చేరిందన్నమాట.

దివ్యఖుర్ఆన్ వస్త్రాన్ని అల్లాహ్ అనుగ్రహంగా పేర్కొంటుంది. దుస్తులు దేహాన్ని కప్పేవిగానూ అలంకారంగానూ ఉంటాయని, భయభక్తుల దుస్తులే అన్నింటికన్నా మేలైనవని అల్ ఆరాఫ్ సూరా (7:26) బోధిస్తుంది. వేడిమి నుండి కాపాడే వస్త్రాల ప్రస్తావన అన్నహ్ల్ సూరా (16:81)లో ఉంది. సబా సూరా (34:11)లో హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) కవచాలు చేసేటప్పుడు వాటి వలయాలను సరైన కొలతతో కూర్చాలని ఆదేశం పొందారు. ఇనుప వలయాలకైనా నూలు కుట్లకైనా సూత్రం ఒక్కటే. ప్రతి వలయం పరిమాణం తెలిస్తేనే మొత్తం వస్తువు ఒంటికి సరిపోతుంది.

ముందుగా దారం ఎంపిక

వేసవిలో 40 డిగ్రీలు దాటే నెల్లూరు జిల్లాలో ఉన్ని లంగా తొడుక్కోలేం. నూలు దారమే తగినది. అయితే నూలుకు రెండు గుణాలున్నాయి. ఉన్నిలా సాగి తిరిగి ముడుచుకునే శక్తి దానికి తక్కువ. బరువు ఎక్కువ కనుక వేలాడే కొద్దీ కిందికి సాగుతుంది. లెక్క వేసేటప్పుడు ఈ రెండింటినీ మరువరాదు. మధ్యస్థమైన మందం గల నూలు దారానికి 4 మి.మీ. సూదులు (పాత లెక్కలో 8వ నంబరు) సరిపోతాయి. లంగాను చుట్టూ అతుకు లేకుండా అల్లాలంటే, రెండు సూదులను సన్నని తీగతో కలిపిన గుండ్రటి సూది తీసుకోవాలి.

నమూనా ముక్క

చాలామంది తొందరలో వదిలేసే మెట్టు ఇదే. అసలు పని మొదలుపెట్టక ముందు ఆరంగుళాల చదరపు ముక్క ఒకటి అల్లాలి. దాన్ని ఉతికి ఆరబెట్టాలి. క్లిప్పులతో తీగకు తగిలించి ఒక రాత్రి వేలాడనివ్వాలి. తర్వాత బల్లమీద పరచి, మధ్యభాగంలో నాలుగంగుళాల వెడల్పులో ఎన్ని కుట్లున్నాయో, నాలుగంగుళాల ఎత్తులో ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టాలి. ఒకే దారం, ఒకే సూదులు వాడినా తల్లి చేతి బిగువు వేరు, కూతురి చేతి బిగువు వేరు. అందుకే పుస్తకంలో ముద్రించిన లెక్క మనకు అక్షరాలా పనికిరాదు.

ఉదాహరణకు నాలుగంగుళాలకు 22 కుట్లు, 28 వరుసలు వచ్చాయనుకుందాం. అంటే అంగుళానికి ఐదున్నర కుట్లు, 7 వరుసలు. ఇక మొత్తం లంగాకు ఈ రెండు అంకెలే ఆధారం.

నాలుగు కొలతలు

పలుచని దుస్తులమీద, ఇంట్లోని మరో స్త్రీ సాయంతో టేపు పట్టించుకోవాలి. నడుము చుట్టుకొలత, తుంటి వద్ద అన్నింటికన్నా వెడల్పైన చోట చుట్టుకొలత, నడుము నుండి తుంటి వరకు దూరం, నడుము నుండి చీలమండ వరకు పొడవు. టేపును బిగించి తక్కువ చూపించుకోవడం వల్ల ప్రయోజనం లేదు. అది మనల్ని మనం మోసగించుకోవడమే.

మన ఉదాహరణలో నడుము 32, తుంటి 40, వాటి మధ్య దూరం 8, మొత్తం పొడవు 38 అంగుళాలు. అల్లిన బట్ట ఒంటిని పట్టుకునే స్వభావం కలది. కాబట్టి తుంటి వద్ద నాలుగంగుళాల వదులు కలిపి 44 అంగుళాలు పెట్టుకుందాం. నడుము వద్ద కూడా నాలుగు కలిపి 36 తీసుకుంటే లంగా తుంటిమీదుగా సులువుగా ఎక్కుతుంది. మిగిలిన వదులును నాడా బిగిస్తుంది. కింది అంచు 64 అంగుళాల చుట్టుకొలత ఉంటే నడకకూ, నమాజులో రుకూ సజ్దాలకూ ఇబ్బంది ఉండదు.

లెక్క ఇలా

నడుము: 36ను ఐదున్నరతో గుణిస్తే 198. ఎనిమిదితో భాగించేందుకు వీలుగా 200 కుట్లు.
తుంటి: 44ను ఐదున్నరతో గుణిస్తే 242. పై కారణంతోనే 240 కుట్లు.
కింది అంచు: 64ను ఐదున్నరతో గుణిస్తే 352 కుట్లు.

నడుము నుండి తుంటికి 8 అంగుళాలు, అంటే 56 వరుసలు. ఈ దూరంలో 40 కుట్లు పెరగాలి. ఒక్కో పెంపు వరుసలో ఎనిమిది చోట్ల ఒక్కో కుట్టు చొప్పున పెంచితే ఐదు పెంపు వరుసలు చాలు. కనుక ప్రతి 11వ వరుసలో పెంచాలి. తుంటి నుండి కిందికి 30 అంగుళాలు, అంటే 210 వరుసలు. అందులో 112 కుట్లు పెరగాలి. అవి 14 పెంపు వరుసలు. 210ని 14తో భాగిస్తే 15. ప్రతి 15వ వరుసలో పెంచితే సరి.

ఇంకొకరి ఒంటికి ఇంకొక లంగా కావాలంటే పద్ధతి మారదు, అంకెలు మాత్రమే మారతాయి. ఎత్తు తక్కువైన అత్తగారికీ, పొడుగరి కోడలికీ, ప్రసవం తర్వాత ఒళ్లు మారిన తల్లికీ ఇదే లెక్క వర్తిస్తుంది.

అల్లే క్రమం

గుండ్రటి సూదిమీద 200 కుట్లు వదులుగా ఎక్కించాలి. కుట్లు మెలిక పడకుండా చూసుకొని రెండు కొసలనూ కలపాలి. మెలిక పడితే చివరి వరకూ సరికాదు. మొదటి ఏడు వరుసలు రెండు సూటి కుట్లు, రెండు తిరుగు కుట్లు చొప్పున అల్లితే నడుము పట్టీ చుట్టుకుపోదు. నాలుగో వరుసలో ప్రతి పది కుట్లకొకసారి రెండు కుట్లను కలిపి ఒకటిగా అల్లి, వెంటనే సూదిమీద దారాన్ని ఒక చుట్టు వేయాలి. ఇలా ఏర్పడే 20 రంధ్రాలలోంచి నాడా దూర్చుకోవచ్చు.

ఆ తర్వాత అన్నీ సూటి కుట్లే. ప్రతి 25 కుట్లకొకచోట రంగుదారం ముడి గుర్తుగా వేసుకోవాలి. పెంపు వరుస వచ్చినప్పుడు ప్రతి గుర్తు దగ్గర, రెండు కుట్ల మధ్యనున్న అడ్డుదారాన్ని పైకెత్తి, మెలితిప్పి, కొత్త కుట్టుగా అల్లాలి. తుంటి దాటేసరికి ఒకసారి కుట్లను పొడవాటి దారంమీదికి మార్చి తొడుక్కొని చూడాలి. సందేహం ఉంటే అక్కడే దిద్దుకోవాలి. కింది ఎనిమిది వరుసలను ఒకటి సూటిగా, మరొకటి తిరుగుగా అల్లితే అంచు చుట్టుకోదు. నూలు సాగుతుంది కనుక కోరుకున్న పొడవుకు ఒక అంగుళం ముందే ఆపడం మంచిది.

అల్లిక ఎంత దగ్గరగా ఉన్నా వెలుతురుకు ఎదురుగా నిలిస్తే పలుచగా కనబడవచ్చు. అందువల్ల లోపల నూలుబట్ట లంగా తప్పనిసరి. ఉతికాక దండెంమీద వేలాడదీయకుండా చాపమీద పరచి ఆరబెట్టాలి.

పైనుంచి కిందికి అల్లడంలో మరో లాభముంది. ఎదిగే పిల్లకు వచ్చే ఏడాది పొట్టిదైతే, అంచు విప్పి మరో నాలుగంగుళాలు కలపవచ్చు. గట్టిగా వడికిన నూలును తానే తునకలు చేసిన స్త్రీని దివ్యఖుర్ఆన్ (16:92) ప్రమాణాలను భంగపరచేవారికి పోలికగా చూపింది. పడిన శ్రమను వ్యర్థం చేయడమది. మేలు కోసం విప్పి మళ్లీ అల్లడం ఆ శ్రమను నిలబెట్టడమే. దుబారాకు అది విరుగుడు కూడా.

ఈ శ్రమకు వెల ఎంత?

మన లంగాలో మొత్తం కుట్లు సుమారు 75 వేలు. నిమిషానికి 25 కుట్ల వేగంతో 50 గంటల పని. రోజుకు గంట చొప్పున ఏడు వారాలకు పైమాటే. ఆరంగుళాల నమూనా ముక్కలో 33 కుట్లు, 42 వరుసలు, అంటే 1,386 కుట్లు. అది పది గ్రాములు తూగితే మొత్తం లంగాకు 540 గ్రాముల దారం పడుతుంది. 600 గ్రాములు ఒకేసారి కొనాలి, తర్వాత కొంటే రంగు తేడా రావచ్చు.

ఈ లెక్క ఇంటి అవసరానికే పరిమితం కాదు. మన రాష్ట్రంలోనే నరసాపురం ప్రాంతపు స్త్రీలు 19వ శతాబ్దం నుండి కొక్కెపు సూదితో లేసు అల్లుతున్నారు. ఆ లేసు విదేశాలకు ఎగుమతి అయ్యింది, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. కానీ జర్మన్ సామాజికవేత్త మారియా మీస్ 1982లో ప్రచురించిన అధ్యయనం ఒక చేదు నిజాన్ని బయటపెట్టింది. రోజుకు గంటల తరబడి అల్లే స్త్రీలను కార్మికులుగా కాక, తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగా లెక్కించారు. అందుకే కూలి అతి స్వల్పం, లాభం వ్యాపారులది.

పొరుగింటివారో దుకాణంవారో ఒక లంగా అల్లిపెట్టమని అడిగినప్పుడు మన సోదరీమణులు చాలామంది దారం ఖరీదుమీద వందో రెండొందలో కలిపి చెబుతారు. గంటకు కేవలం 50 రూపాయలనుకున్నా 50 గంటలకు 2,500 రూపాయలు. పుచ్చుకున్నా, ప్రేమతో వదులుకున్నా, ఆ అంకె తెలిసి చేయాలి. స్త్రీలు సంపాదించినదానిలో వారి వాటా వారిదేనని దివ్యఖుర్ఆన్ (4:32) స్పష్టం చేస్తుంది. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) తమ చేతిపనితో సంపాదించి దానధర్మాలు చేసేవారు. తన చేతి కష్టంతో తిన్న ఆహారానికి మించిన ఆహారం లేదని, హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) అలాగే జీవించారని దైవప్రవక్త (స) తెలిపిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది.

కాబట్టి ఇంట్లో ఎవరైనా సూదులు పట్టుకొని కూర్చున్నప్పుడు “ఖాళీగా ఉన్నావు కదా” అనే మాట మన నోట రాకూడదు. ఆమె కుట్లు లెక్కపెడుతోంది. మధ్యలో పిలిస్తే లెక్క తప్పుతుంది. ఈ సెలవుల్లో తల్లీకూతుళ్లు కలిసి ఆరంగుళాల నమూనా ముక్కతో మొదలుపెట్టండి. టేపుమీద కనబడే అంకె ఏదైనా సిగ్గుపడనక్కర్లేదు. ఒళ్లు అల్లాహ్ ఇచ్చినది, దానికి తగినట్టు మారవలసింది దుస్తులే.