రింగు వెనకాల గాలి

“రింగు తెగే ఉంది కదన్నా, ఆ సందులోంచి గాలి పోదా?”

సూళ్లూరుపేటలో పాత బుల్లెట్ ఇంజన్ బిగిస్తున్న షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాడి ప్రశ్న ఇది. బోరు కొట్టించారు, ఓవర్‌సైజ్ పిస్టన్ వేశారు, రింగులూ కొత్తవే. అయినా కిక్కరు చేత్తో నొక్కితేనే దిగిపోతోంది. కంప్రెషన్ లేదు. కుర్రాడి అనుమానం సందు మీదికి పోయిందంటే తప్పు లేదు.

పోతుంది, కొంచెం. 70 మిల్లీమీటర్ల బోరుకు ఆ సందు పావు మిల్లీమీటరు పైచిలుకు. వేడికి రింగు సాగినప్పుడు కొసలు ఢీకొనకుండా ఆ మాత్రం వదలాల్సిందే. నాకు వింతగా తోచేది వేరే. రెండు వేళ్లతో నొక్కితే ముడుచుకునే ఆ పలచని ఇనుప చుట్ట, పెట్రోలు మండినప్పుడు పుట్టే అంత పీడనాన్ని ఎలా ఆపుతోంది? దాని స్ప్రింగు బలం ఏ మూలకీ చాలదే!

గాలిని ఆపేది గాలే. పిస్టన్ మీది గాడి, రింగు కన్నా రవ్వంత వెడల్పు, రవ్వంత లోతు ఎక్కువ. పిస్టన్ లేచి గాలిని నొక్కుతుంటే, ఆ గాలే రింగు పైఅంచు పక్కనుంచి గాడిలోకి దూరి రింగు వెనక చేరుతుంది. పైనుంచి నొక్కి రింగును గాడి అడుగుకు అదిమేస్తుంది, వెనకనుంచి నెట్టి సిలిండర్ గోడకు అతికిస్తుంది. తోసేవాడి బలంతోనే తలుపు ఇంకా బిగుసుకున్నట్టు, పీడనం పెరిగేకొద్దీ రింగు పట్టు పెరుగుతుంది. స్ప్రింగు పని మొదట గోడను ఆనుకోవడం వరకే. పాత పిస్టన్‌కే కొత్త రింగులు వేసి గాడిలో గట్టిపడిన మసి గీకకుండా వదిలేస్తే, వెనక గాలికి చోటుండదు. ఖరీదైన రింగు కూడా ఊరికే వేలాడుతుంది.

రింగు “కూర్చోవడం” అంటే కూడా ఇదే. హోనింగ్ చేసిన గోడ మీద ఒకదాన్నొకటి కోసుకునే సన్నని గీతలుంటాయి. వాటి శిఖరాలు అరిగి రింగుకు సరిపడా ఒదుగుతాయి, లోయల్లో ఆయిల్ నిలుస్తుంది. ఆ అరుగుదలకు వెనకనుంచి గాలి గట్టిగా నెట్టాలి. అంటే ఇంజన్ మీద కాస్త లోడు పడాలి. కొత్త బోరు బండిని గంటల తరబడి ఐడిల్‌లో తిప్పితే మంచిదని నమ్మేవాళ్లతో నేను ఒప్పుకోను. గోడ నునుపెక్కి మెరుస్తుంది గానీ రింగు కూర్చోదు.

ఈ రింగును 1852లో తెచ్చినవాడు జాన్ రామ్స్‌బాటమ్, ఇంగ్లండులో రైలింజన్ల ఇంజనీరు. అంతకు ముందు ఆవిరి పిస్టన్ల చుట్టూ కొవ్వు పట్టించిన నార తాళ్లు చుట్టేవారు. ఆ తర్వాత పెట్రోలు ఇంజన్, కారు, విమానం, 1955లో మద్రాసుకొచ్చిన బుల్లెట్, అన్నీ ఆ రింగునే వాడుకున్నాయి.

షెడ్డు సంగతికొద్దాం. ప్లగ్ కన్నంలోంచి ఒక చెంచా ఆయిల్ పోసి, థ్రాటిల్ పూర్తిగా తిప్పి కిక్ కొట్టినప్పుడు కంప్రెషన్ గేజ్ ముల్లు ముందుకన్నా పైకి లేస్తే దోషం రింగులది. ఇక్కడ లేవలేదు. పిస్టన్‌ను కంప్రెషన్ మీద పైకొసన నిలిపి, కంప్రెసర్ గాలి లోపలికి పంపి చెవి పెట్టడం ఇంకా మంచి పద్ధతి. కార్బురేటర్లో బుస వినబడితే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్లో అయితే ఎగ్జాస్ట్, బ్రీదర్‌లో అయితే రింగులు. టైమింగ్ ఒక్క పన్ను వెనక్కి తప్పితే మాత్రం చెవికి ఏమీ దొరకదు. అన్నీ బిగువుగానే ఉంటాయి, ఇన్‌లెట్ ఆలస్యంగా మూసుకుని, పీల్చిన గాలిని పిస్టన్ తిరిగి బయటికి తోసేస్తుంది.

ఈ బుల్లెట్‌లో దొంగ వేరొకడు. పాత బుల్లెట్ హెడ్డులో డీకంప్రెసర్ అని చిన్న వాల్వు ఉంటుంది. కిక్ కొట్టే ముందు ఎడమ చేతి లివరు నొక్కితే గాలి వదిలేసి పిస్టన్‌ను పైకొస దాటనిస్తుంది. బిగించేటప్పుడు దాని కేబుల్‌కు వదులు మిగల్చలేదు. వాల్వు వెంట్రుకవాసి తెరుచుకునే ఉంది.

వదలడానికి పెట్టిన వాల్వు మూసుకోవాల్సినప్పుడు మూసుకోకపోతే ఏమవుతుందో పులికాట్ అవతల శ్రీహరికోట చూసింది. 2021 ఆగస్టు 12 తెల్లవారుజామున 5:43కి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 రాకెట్టు ఈఓఎస్-03 ఉపగ్రహాన్ని మోసుకుని లేచింది. మొదటి రెండు దశలు సజావుగా పనిచేశాయి. మూడోదైన క్రయోజెనిక్ దశ అంటుకోలేదు. మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్ నిరంతరం ఆవిరవుతుంటుంది. ఆ ఆవిరిని అవసరానికి వదలడానికి ట్యాంకుకు వెంట్ అండ్ రిలీఫ్ వాల్వు ఉంటుంది. అది కారడంతో ఆరోహణలో ట్యాంకు పీడనం పెరగాల్సినంత పెరగలేదు, ఇంధనాన్ని ముందుకు తోసే బూస్టర్ టర్బోపంపు దారి తప్పింది, ఆన్‌బోర్డు కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపేసింది. వాల్వులోని మెత్తని సీలు దెబ్బతిని ఉండొచ్చనీ, నలకవల్లో, ఆ చలిలో బిగింపు ఒత్తిడివల్లో అది జరిగి ఉండొచ్చనీ విచారణ సంఘం తేల్చింది. వాల్వును గట్టిపరచాలనీ, ఇంజన్ రాజుకునే ముందు ట్యాంకులో పీడనాన్ని పనిగట్టుకుని నింపే ఏర్పాటు ఉండాలనీ సిఫారసు చేసింది. 2023 మే 29న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్12 అదే తీరం నుంచి ఎన్‌వీఎస్-01 ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది.

బుల్లెట్‌కు అంత కథ పట్టలేదు. కేబుల్ అడ్జస్టరు రెండు మరలు వదులు చేశారు, అంతే. కుర్రాడు కిక్కరెక్కి నిలబడినా దిగలేదు.