తెరపై గీత ఒక్కటే చాలదు: పడవల జీపీఎస్‌లో దారి రూపకల్పన, సవరణ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు వలస వెళ్లి చేపల వేట సాగిస్తున్న మత్స్యకారులను 2018 నవంబరులో పాకిస్థాన్ అధికారులు అదుపులోకి తీసుకున్నారు. తమ జలాల్లోకి ప్రవేశించారన్నది ఆరోపణ. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా స్వదేశానికి చేరారు. సముద్రంలో గట్టు గానీ కంచె గానీ ఉండదు. సర్ క్రీక్ ప్రాంతంలో ఇరు దేశాలకూ అంగీకారమైన సముద్ర సరిహద్దు నేటికీ ఖరారు కాలేదు. అటువంటి చోట పడవ ఎక్కడ ఉన్నదీ తండేలుకు తెలిపేది జీపీఎస్ పరికరమే. అందులో దారిని నమోదు చేసే విధానం అందుకే కీలకం.

పరికరంలో గుర్తించి పేరు పెట్టుకున్న ఒక్కో స్థానాన్ని ‘వేపాయింట్’ అంటారు. రేవు, మొగ, వేట స్థలం వంటి వేపాయింట్లను వరుసగా కలిపితే ‘రూట్’ ఏర్పడుతుంది. పడవ వాస్తవంగా నడిచిన జాడ ‘ట్రాక్’. రూట్ సంకల్పం మాత్రమే, ట్రాక్ జరిగిన ప్రయాణం. ఈ తేడా తెలియక చాలామంది తికమకపడతారు.

సాధారణ పరికరాలు రెండు వేపాయింట్ల నడుమ నేరుగా గీత గీస్తాయి. ఆ గీత కింద నీరున్నదా, నేల ఉన్నదా అన్నది వాటికి పట్టదు. కాకినాడ రేవు, అంతర్వేది అనే రెండు స్థానాలనే ఇస్తే గీత కోనసీమ కొబ్బరి తోటల మీదుగా సాగిపోతుంది. హోప్ ఐలాండ్ ఉత్తరపు కొనను చుట్టి, గోదావరి మొగలకు ఎడంగా దక్షిణానికి దిగేలా మధ్యలో మరికొన్ని వేపాయింట్లు చేర్చినప్పుడే అది పడవ దారి అవుతుంది.

అంకెల నమోదులో పొరపాటు మరింత ప్రమాదకరం. పూడిమడక సమీపంలోని 17 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశాన్ని, పరికరం దశాంశ డిగ్రీలు అడుగుతున్నప్పుడు 17.30గా నమోదు చేస్తే అది 17 డిగ్రీల 18 నిమిషాలవుతుంది. సరైన అంకె 17.50. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. ఆ లెక్కన పడవ 22 కిలోమీటర్లు దక్షిణానికి తప్పిపోతుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు లభించే ప్రాంతాలను అక్షాంశ రేఖాంశాలతో సూచిస్తోంది. ఆ అంకెలను ఎక్కించే ముందు పరికరం ఏ పద్ధతిలో ఉన్నదో సెట్టింగుల్లో చూడవలసి ఉంటుంది.

సవరణ అంటే వేపాయింటును జరపడం, తొలగించడం, రెండింటి మధ్య కొత్తది చేర్చడం. ఒక్క బిందువును జరిపినా దానికి ఇరువైపులా ఉన్న రెండు గీతల దిక్కు, దూరం మారిపోతాయి. సవరించిన ప్రతిసారీ ఆ రెండింటినీ తెరపై పెద్దవి చేసి ఆసాంతం పరిశీలించడం మంచిది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అమలయ్యే వేట నిషేధ కాలం ఇందుకు అనువైనది. నదుల మొగల వద్ద ఇసుక మేటలు ఏటా స్థానం మారుస్తుంటాయి కాబట్టి నిరుటి వేపాయింటు ఈ ఏడాది గట్టు మీదికి చేర్చవచ్చు. తిరుగు ప్రయాణానికి రూట్‌ను తలకిందులు చేసే సదుపాయం ఉన్నా, పోటులో దాటిన మొగను పాటులో దాటగలమన్న భరోసా లేదు.

గీత నుంచి నిర్ణీత దూరానికి మించి పక్కకు జరిగితే మోగే హెచ్చరికను చాలా పరికరాల్లో అమర్చుకోవచ్చు. సరిహద్దుకు ఇవతల కొన్ని మైళ్ల దూరంలో మరో హెచ్చరిక గీతను పెట్టుకొనే వీలు కూడా కొన్నింటిలో ఉంది. ఇంజను ఆపి, వలలు వేసి నిద్రించే రాత్రివేళ పడవ ప్రవాహంతో కొట్టుకుపోతుంది. అప్పుడు అక్కరకొచ్చేది తెరపై గీత కాదు, ఈ మోతే. దాన్ని వినడానికి ఒకరైనా మేలుకొని ఉండాలి.

2024 ఆగస్టులో కేంద్రం పడవలకు లక్ష ట్రాన్స్‌పాండర్లు అందించే పథకాన్ని ప్రారంభించింది. ఇస్రో సాంకేతికతతో రూపొందిన ఇవి మొబైల్ సిగ్నల్ అందని చోట కూడా ఒడ్డుకు సందేశాలు చేరవేస్తాయి. అయితే ముందుగా వేసుకున్న దారి తప్పో ఒప్పో చూసుకోవలసింది మాత్రం పడవలోని వారే.