హోమ్‌గ్రోన్ ఆటగాడు

ఫుట్‌బాల్ క్లబ్బులు ఆటగాళ్లను కొనే సీజన్ మొదలైతే ఈ మాట తరచూ వినిపిస్తుంది. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ లెక్కలో, 15 నుంచి 21 ఏళ్ల వయసులో కనీసం 3 సీజన్లు ఒక క్లబ్‌లోనో, అదే దేశంలోని మరో క్లబ్‌లోనో తర్ఫీదు పొందినవాడే హోమ్‌గ్రోన్. పాస్‌పోర్టుతో పనిలేదు. 13 ఏళ్లకు అర్జెంటీనా నుంచి వచ్చిన మెస్సీ బార్సిలోనాకు ఇంటి పంటే! యూఈఎఫ్ఏ క్లబ్ టోర్నీల్లో 25 మంది జాబితాలో 8 చోట్లు ఇలాంటివారివి. డబ్బున్న క్లబ్ కూడా పిల్లల్ని పెంచక తప్పదు. మంచి నిబంధన.

మన దగ్గర ప్రతిభకు కరువు లేదు. నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్‌కు వెళ్లింది. కొరత చిన్ననాటి శిక్షణకే. మన మంథని పిల్లలకు అలాంటి శిక్షణకు దగ్గరి దారి కరీంనగర్ ప్రాంతీయ క్రీడా పాఠశాల. ప్రవేశం 4వ తరగతిలోనే. 800 మీటర్ల పరుగు, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం వంటి పరీక్షలుంటాయి. మూడో తరగతిలో మీ బిడ్డ బంతి వెంట ఉరుకుతుంటే ఆపకండి, ఎంపికలకు తీసుకెళ్లండి.