ఎన్ని గ్లాసులు? ఏ పూట కల్లు?

పీహెచ్‌సీ డాక్టరు 104 బండితో నెలకు రెండుసార్లు పల్లెలోకే రావాలన్న ‘ఫ్యామిలీ డాక్టర్’ పథకం 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో మొదలైంది. బీపీ, షుగరు చూసి మందులివ్వడం అందులో ప్రధానం. జి.మాడుగుల లాంటి కొండ మండలంలో ఆ వరుసలో నిలబడ్డవాళ్లను ఇంకో సంగతీ అడగాలి: తాగుడు ఎంత?

అడిగినంత మాత్రాన తగ్గిస్తారా అని నవ్వేవాళ్లుంటారు. కాక్రేన్ సంస్థ 2018లో 69 పరిశోధనలను, దాదాపు 34 వేల మందిని కలిపి చూసింది. కాసేపటి మాటలతో సలహా అందుకున్నవాళ్లు, ఏడాది తర్వాత మిగతావాళ్లకంటే వారానికి సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ తక్కువ తాగుతున్నారు. అంటే రెండు చిన్న పెగ్గులు. చిన్న లెక్కే, ఒప్పుకుందాం. కానీ ఎక్కువసేపు కౌన్సెలింగ్ చేసినా అంతకుమించి పెద్దగా దక్కలేదన్నదే అసలు విశేషం.

అడగడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల పట్టిక ‘ఆడిట్’ ఉంది. 40 మార్కుల్లో 8కి చేరితే జాగ్రత్త పడాలి. 20కి చేరితే వ్యసనంగా ముదిరిందేమో చూడాలి. చిక్కల్లా రెండో ప్రశ్నతోనే: తాగే రోజున ఎన్ని డ్రింకులు? క్వార్టరు సీసాకు జవాబు తేలిక: ఆరు పెగ్గులు, 60 గ్రాముల ఆల్కహాల్. మరి జీలుగు కల్లుకో? పొద్దున్నే చెట్టు నుంచి దించినప్పుడు తీపి ఎక్కువ. ఈస్టు ఆ చక్కెరను తినేకొద్దీ మత్తు పెరుగుతుంది. పొద్దుటి బుర్రా, సాయంత్రపు బుర్రా ఒకటి కావు. నాటుసారా ఘాటైతే కాచినవాడికే సరిగ్గా తెలియదు. అందుకే ఇక్కడ గ్లాసులతో పాటు పూట కూడా అడగాలి.

‘‘సంతకెళ్లిన రోజు ఎంత పడుతుంది మావా? పొద్దుటి కల్లా, సాయంత్రానిదా?’’ అని ఊరి ఆశా కార్యకర్త అడిగితే వచ్చే జవాబు డాక్టరుకు రాకపోవచ్చు. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్లలో మరీను.

ఆ మాటకొస్తే డాక్టరే మాట్లాడాలనీ లేదు. గోవాలో పది పీహెచ్‌సీల్లో, ఆడిట్‌లో 12–19 మధ్య వచ్చిన 377 మంది మగవాళ్లతో చేసిన పరిశోధన 2017లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. వైద్యం చదవని స్థానికులకే శిక్షణ ఇచ్చి, ఒక్కొక్కరితో నాలుగు విడతల దాకా మాట్లాడించారు. తిట్లు లేవు, ఒట్లు లేవు. ఎప్పుడు, ఎవరితో, ఎందుకు తాగుతున్నాడో రాబట్టి, తగ్గించే దారి అతని నోటే చెప్పించడం. మూడు నెలలకు వాకబు చేస్తే, గడిచిన రెండు వారాల్లో చుక్క ముట్టనివాళ్లు 42 శాతం. మామూలు వైద్యం అందినవారిలో 18.

తెల్లారేసరికి చేతులు వణికి, గుక్క పడితే గానీ కుదుటపడనివాళ్ల సంగతి వేరు. వాళ్లను ‘రేపటి నుంచి మానెయ్’ అనడమే ప్రమాదం. ఏళ్ల తరబడి మత్తుకు అలవాటుపడ్డ మెదడు, అది హఠాత్తుగా అందకపోతే అదుపు తప్పుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆపైన మతి చలించడం, ఒక్కోసారి ప్రాణం మీదికి రావడం. అలాంటివాళ్లను పాడేరు ఆస్పత్రిలో చేర్చి, బీ1 విటమిన్ ఇచ్చి, మందులతో మెల్లగా మాన్పించాలి.