వేళ్ళలోని నేస్తము

పైరు చక్కగా ఎదుగనప్పుడు ఎరువు చాలలేదని తలంచుట రైతులకు పరిపాటి. కాని సారవంతమైన తోటమట్టిలో నాటి, పశువుల ఎరువును, సున్నమును వేసి పోషించినకొలది క్షీణించు మొక్క యొకటి కలదు. అది ఉత్తర అమెరికా అడవులలో సహజముగా పెరుగు బ్లూబెర్రీ. అది మన ఊళ్ళ పంట కాకపోయినను, నేలను గూర్చి అది తెలుపు సత్యము పంచాయతీ సభ్యులు ఎరుగదగినది.

బ్లూబెర్రీ నీలవర్ణముగల చిన్న పండ్లను కాయు పొద. చాలకాలము జనులు ఆ పండ్లను అడవిలో ఏరుకొనుచుండిరే గాని, సాగుచేయుట సాధ్యము కాదని తలంచిరి. అమెరికా వ్యవసాయశాఖకు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ కోవిల్ 1906 లో పరిశోధన ప్రారంభించి, 1910 లో ఫలితములను ప్రకటించెను. ఈ మొక్కకు ఆమ్లగుణముగల నేల అవసరమని ఆయన రుజువు చేసెను. ఆరోగ్యముగానున్న మొక్కల వేళ్ళలో ఒక శిలీంధ్రము, అనగా బూజుజాతి జీవి, నివసించుటను గూడ గమనించెను. ఆ ప్రకటనను చదివిన ఎలిజబెత్ వైట్ అను మహిళ, న్యూజెర్సీ రాష్ట్రములో వైట్స్‌బాగ్ అనుచోట తమ కుటుంబపు భూమిలో ప్రయోగములకు చోటిచ్చెను. అడవి నెరిగిన చుట్టుప్రక్కలవారు మేలైన పొదలను వెదకి చూపిరి. 1916 లో మొదటి పంట బజారునకు చేరెను.

ఇంతకు ఆ బూజు చేయు మేలేమి? చాల మొక్కల వేళ్ళకు నూగువంటి రోమములుండును. నీటిని, లవణములను పీల్చుటకు అవి తోడ్పడును. బ్లూబెర్రీకి ఆ రోమములు లేవు. దాని కొనవేళ్ళు వెంట్రుకలవలె సన్ననివి. శిలీంధ్రము ఆ వేళ్ళ పైపొర కణములలో ప్రవేశించి చుట్టలు చుట్టుకొనును. దాని పోగులు వెలుపలి మట్టిలోనికి ప్రాకును. ఇట్టి పొత్తునకు 1885 లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ మైకోరైజా అని పేరిడెను. శిలీంధ్రమూలము అని దాని అర్థము.

ఆమ్లపు నేలలో రాలిన ఆకులు మెల్లగా కుళ్ళును. నత్రజని, భాస్వరము వానిలో ఉన్నను, తాళము వేసిన గాదెలోని ధాన్యమువలె మొక్కకు అందవు. శిలీంధ్రము కొన్ని రసములను స్రవించి, ఆ పదార్థమును విడగొట్టి, పోషకములను వేరునకు చేర్చును. ప్రతిఫలముగా ఆకులలో తయారైన చక్కెరలో కొంత పాలు పొందును.

రసాయనిక ఎరువు మితిమీరినచో వేళ్ళలో ఈ శిలీంధ్రము తగ్గుట కలదు. అన్ని శిలీంధ్రములు అన్ని రకముల మొక్కలకు సమానముగా మేలుచేయవు. కొన్ని జతలలో పెరుగుదల హెచ్చును. కొన్నింటిలో భేదమే కనబడదు. కావున సాగుదారులు నేల పి.హెచ్. 4.5 మొదలు 5.5 వరకు ఉండునట్లు చూచి, మొదళ్ళలో రంపపుపొట్టును, చెట్ల బెరడును పరచుదురు.

మన పొలములలో జొన్న, మొక్కజొన్న, కంది, వేరుశనగ మొక్కల వేళ్ళయందు వేరొక తెగ శిలీంధ్రములు నివసించి, ముఖ్యముగా భాస్వరమును అందించుచున్నవి. బ్లూబెర్రీకి తోడైన శిలీంధ్రము వీనికి పనికిరాదు. ఆవ, క్యాబేజీ మొక్కలు సాధారణముగా ఇట్టి పొత్తు పెట్టుకొననే పెట్టుకొనవు. జీవన ఎరువని అమ్మబడు శిలీంధ్రపు పొడిని కొనుటకు ముందు, అది ఏ పైరునకు తగినదో విచారింపనిచో రైతు సొమ్ము వృథాయగును.

కావున గ్రామసభలో సభ్యులు మూడు విషయములు తోటి రైతులకు బోధింపవచ్చును. మట్టిని పరీక్ష చేయించి, అవసరమైనంతవరకే భాస్వరపు ఎరువు వేయవలెను; అది అధికమైనను వేళ్ళలోని పొత్తు సన్నగిల్లును. పంటకోతల పిదప మోళ్ళను, చెత్తను తగులబెట్టక నేలకే చేర్చవలెను. పొడి కొనునప్పుడు వ్యవసాయాధికారి సలహా పొందవలెను. ఎరువు నేలలో వేయునది రైతే యైనను, దానిని వేరునకు చేర్చు సహాయకులు మట్టిలోనే యున్నారు. వారిని పోగొట్టుకొనక కాపాడుకొనుట గ్రామమునకు ఖర్చులేని లాభము.