రివాల్వర్ తూటా: పీడనం, శక్తి, చట్టం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• తూటాలోని నాలుగు భాగాలను, వాటి పనులను వివరించగలుగుతారు.
• మందు మండే వేగానికి, పీడనానికి ఉన్న సంబంధాన్ని తెలుపగలుగుతారు.
• మాగ్నమ్ తూటాకు, సాధారణ తూటాకు తేడాను లెక్కతో చూపగలుగుతారు.
• తూటాల తయారీపై మన చట్టం విధించిన నిబంధనలను చెప్పగలుగుతారు.

1. పరిచయం

పోతిరెడ్డిపల్లి, పటాన్‌చెరు ప్రాంతంలోని కర్మాగారాలలో మీలో కొందరు పనిచేస్తూ ఉండవచ్చు. బాయిలర్ దగ్గర పనిచేసేవారికి పీడనం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఆ పరిచయాన్నే ఆధారం చేసుకుని రివాల్వర్ తూటా ఎలా పనిచేస్తుందో ఈ భాగంలో తెలుసుకుందాం.

కాల్చిన తూటా ఇత్తడి కేసును తిరిగి మందుతో నింపి వాడుకోవడం అమెరికాలో చాలామందికి అలవాటు. ఖర్చు తగ్గుతుంది, తమ తుపాకికి నప్పిన తూటా దొరుకుతుంది. అక్కడ సొంత వాడకానికి ఇది చట్టసమ్మతం. లేత్ మీద మిల్లీమీటరులో వందో వంతు తేడాను పట్టగల చేతికి ఇదెంత పని అనిపించవచ్చు. అయితే ఇక్కడ కొలత ఒక్కటే సమస్య కాదు. అది ఎందుకో ముందు భౌతికశాస్త్రం, ఆ తరువాత చట్టం చెబుతాయి.

2. తూటా నిర్మాణం

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి కేసు మిగిలిన మూడింటినీ పట్టి ఉంచుతుంది. దీనిలో సుమారు 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. కేసు అడుగున ఉండే ప్రైమర్ దెబ్బ తగలగానే నిప్పు పుట్టిస్తుంది. లోపలి మందు మండి వాయువులను ఇస్తుంది. ముందు భాగంలోని గుండు ఆ వాయువుల తోపుడుకు బయటికి వెళుతుంది.

పీడనం పెరిగినప్పుడు కేసు గోడ వ్యాకోచించి ఛాంబర్ గోడకు అతుక్కుంటుంది. అందువల్ల వాయువు వెనుకకు రాదు. ఇత్తడినే ఎంచుకోవడానికి ఇదొక ముఖ్య కారణం. అది సాగుతుంది, మళ్ళీ కొంత వెనుకకు ముడుచుకుంటుంది. కాని ప్రతిసారీ కొంత బలాన్ని కోల్పోతుంది.

3. మందు, పీడనం

నేటి తూటాలలో వాడేది నల్లమందు కాదు, పొగ తక్కువగా వచ్చే నైట్రోసెల్యులోజ్ మందు. దీనిని 1884లో ఫ్రాన్స్‌కు చెందిన పాల్ వియే రూపొందించాడు. ఈ మందు మండే వేగం చుట్టూ ఉన్న పీడనాన్ని బట్టి పెరుగుతుంది. బయట పళ్ళెంలో పోసి అంటిస్తే భగ్గున మండిపోతుంది. మూసిన చోట మండితే వాయువు పీడనాన్ని పెంచుతుంది, పెరిగిన పీడనం మంటను మరింత వేగంగా నడుపుతుంది, ఆ మంట పీడనాన్ని ఇంకా పెంచుతుంది.

బాయిలర్‌కు భద్రతా వాల్వు ఉంటుంది. తూటాకు ఉండదు. గుండు ముందుకు కదలడమే పీడనానికి దొరికే దారి. మందు పాళ్ళు మారినా, గుండు బరువు మారినా, గుండు కేసులో ఎక్కువ లోతుకు దిగినా లెక్క తప్పుతుంది. కొన్ని మందులు కేసులో సగం కూడా నిండవు. కనుక పొరపాటున రెండుసార్లు పోసినా కంటికి తెలియకపోవచ్చు. అలాంటి తూటా పేలితే రివాల్వర్ సిలిండరే చిట్లి, పట్టుకున్న చేతికి, పక్కన నిలుచున్నవారి కళ్ళకు ప్రమాదం జరుగుతుంది.

4. మాగ్నమ్ అంటే ఏమిటి?

మాగ్నమ్ అనేది పెద్ద షాంపేన్ సీసాకు ఉన్న పేరు. 1935లో అమెరికాలో వచ్చిన .357 మాగ్నమ్‌తో అది రివాల్వర్ తూటాకూ స్థిరపడింది. అంతకుముందున్న .38 స్పెషల్ కేసునే సుమారు 3 మిల్లీమీటర్లు పొడవు చేశారు. ఈ పొడవు ఒక భద్రతా ఏర్పాటు. కొత్త తూటా పాత రివాల్వర్‌లో పూర్తిగా కూర్చోదు. 1955లో వచ్చిన .44 మాగ్నమ్ వెనుక ఎల్మర్ కీత్ అనే వ్యక్తి ఏళ్ళ తరబడి చేతితో తూటాలు నింపి చేసిన ప్రయోగాలున్నాయి.

అమెరికా పరిశ్రమ ప్రమాణాల ప్రకారం .38 స్పెషల్‌కు గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు. .357 మాగ్నమ్‌కు 35,000 పౌండ్లు. కారు టైరులో ఉండేది సుమారు 35 పౌండ్లు. అంటే మాగ్నమ్ తూటాలో దానికి వెయ్యి రెట్లు.

ఉదాహరణ: 10.2 గ్రాముల గుండు .38 స్పెషల్ నుంచి సెకనుకు 230 మీటర్ల వేగంతో, .357 మాగ్నమ్ నుంచి 375 మీటర్ల వేగంతో వెళ్ళిందనుకుందాం. గతిజశక్తి = ½ × ద్రవ్యరాశి × వేగం².
మొదటిది: ½ × 0.0102 × 230² = సుమారు 270 జౌళ్ళు.
రెండవది: ½ × 0.0102 × 375² = సుమారు 717 జౌళ్ళు.
వేగం 1.6 రెట్లే పెరిగింది. శక్తి మాత్రం 2.6 రెట్లకు పైగా పెరిగింది. వేగం వర్గంలో ఉండటమే దీనికి కారణం.

5. చట్టం ఏమంటుంది?

1959 ఆయుధాల చట్టం తూటాలను తుపాకులతో సమానంగానే చూస్తుంది. సెక్షన్ 3 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలను దగ్గర ఉంచుకోరాదు. సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా తయారుచేయరాదు, అమ్మరాదు. తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటాలు తయారుచేసే హక్కు రాదు. 2019 సవరణ తరువాత అక్రమ తయారీకి కనీసం 7 సంవత్సరాల జైలుశిక్ష, గరిష్ఠంగా యావజ్జీవం, జరిమానా విధించవచ్చు.

సంగారెడ్డి దగ్గరి ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారం పదాతిదళ పోరాట వాహనాలను తయారుచేస్తుంది. చిన్న ఆయుధాల తూటాలు మహారాష్ట్రలోని వరణ్‌గావ్ వంటి ప్రభుత్వరంగ కర్మాగారాలలో తయారవుతాయి. అక్కడ ప్రతి విడతలోనూ నమూనాలు తీసి పీడనాన్ని పరీక్షిస్తారు. ఇంట్లో బల్ల మీద ఈ పరీక్ష సాధ్యం కాదు.

క్రీడాకారులు వాడే తూటా సంగతి వేరు. హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్టల్ వ్యక్తిగత విభాగంలో రజతం గెలిచింది. ఆ పోటీలో వాడే .22 తూటాలో ప్రైమర్ మిశ్రమం కేసు అంచులోనే ఉంటుంది. కాల్చాక ఆ అంచు నలిగిపోతుంది కనుక దానిని తిరిగి నింపే పద్ధతి వాడుకలో లేదు.

మీ పరిసరాలలో ఎవరైనా తూటాలు తయారుచేయమని డబ్బు ఆశ చూపితే, అది లేత్ పనిగా కనిపించినా, లైసెన్సు లేనివారికి నేరమే. పాత ఇంట్లో తూటాలు దొరికితే వాటిని విప్పవద్దు, కాల్చవద్దు. కదపకుండా పోలీసులకు తెలియజేయండి.

6. సారాంశం

తూటా ఒక చిన్న పీడనపాత్ర. దానికి భద్రతా వాల్వు లేదు. మాగ్నమ్‌లో పీడనం రెట్టింపు కావడంతో పొరపాటుకు ఉండే వెసులుబాటు బాగా తగ్గుతుంది. అందుకే తూటాల తయారీని చట్టం లైసెన్సు పొందినవారికే పరిమితం చేసింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కేసుకు ఇత్తడిని ఎందుకు వాడతారు?
2. మూసిన చోట మందు మండే వేగం ఎందుకు పెరుగుతుంది?
3. గుండు వేగం రెట్టింపైతే దాని గతిజశక్తి ఎన్ని రెట్లవుతుంది?
4. ఆయుధాల చట్టంలోని సెక్షన్ 3, సెక్షన్ 5ల మధ్య తేడా రాయండి.